గడువు ఎవరికి?

2002 అక్టోబరులో ఢిల్లీ నగరంలో రెండు గడువుల గురించి మాట్లాడుకునేవారు. ఒకటి సుప్రీంకోర్టు పెట్టింది. డీజిల్ సిటీబస్సులు నెలకు 800 చొప్పున రోడ్డు దిగిపోవాలి, దిగేదాకా బస్సుకు రోజుకు ఐదొందలు, ముప్ఫై రోజులు దాటితే వెయ్యి జరిమానా కట్టాలి. రెండోది ప్రపంచ దేశాలు కలిసి పెట్టుకోవలసింది. భూమి వేడెక్కకుండా ఎవరు, ఎంత, ఎప్పటికల్లా తగ్గించాలన్నది తేల్చాలి. దానికోసం విజ్ఞాన్ భవన్‌లో పదిరోజులు కూర్చుని, ఏ తేదీ రాసుకోకుండానే లేచి వెళ్ళిపోయారు. రెండూ నేను దగ్గరుండి చూశాను. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఇదే ఊళ్ళో ఇలాంటి లక్ష్యాలు ప్రకటించే సభలు చూస్తూ వచ్చాను. ఎక్కడ కూర్చున్నా మనసు ఆ బస్సుల వైపే పోయేది.

అప్పుడు నేను ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ బ్యూరోలో కుర్ర రిపోర్టర్ని. రఫీ మార్గ్‌లో ఐఎన్ఎస్ భవనంలో మా ఆఫీసు. ప్రధాని, పార్టీలు, మన ఎంపీలు బ్యూరో చీఫ్ గారి వాటా. రైల్వేలు, వ్యవసాయం, పర్యావరణం లాంటివి నా వాటా. ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలో చేరిన దేశాల ఎనిమిదో సభ, అందరూ కాప్-8 అనేది, అలా నా నెత్తిన పడింది. అక్టోబరు 23న మొదలై నవంబరు 1న ముగిసింది. మన పర్యావరణ మంత్రి టి.ఆర్. బాలు సభాధ్యక్షులు.

సభలో అసలు తగువు చాలా సూటిది. క్యోటో ఒప్పందం ప్రకారం ధనిక దేశాలు 2012 దాకా ఎంత తగ్గించాలో రాసుకున్నాయి. ఆ ఒప్పందం నుంచి అమెరికా 2001లోనే తప్పుకుంది. 2012 తర్వాత సంగతేమిటో ఇప్పుడే మాట్లాడదాం, అందరూ ఏదో ఒకటి ఒప్పుకోవాలని యూరప్ అంది. ముందు పొగ వదిలినవాళ్ళు ముందు తగ్గించాలి, మా వంతు ఇంకా రాలేదని భారత్, చైనా, మిగతా వర్ధమాన దేశాలు. అక్టోబరు 28న బయటికొచ్చిన ప్రకటన ముసాయిదాలో క్యోటో పేరే లేదు. ఆ మధ్యాహ్నం కారిడార్లలో యూరప్ ప్రతినిధుల ముఖాలు చూడాలి! ఆ రోజే బయట వీధుల్లో జాలరులు, నర్మద లోయ నిర్వాసితులు, చిన్న రైతులు ఊరేగింపు తీశారు. మర్నాడు మా పేపర్లో ఊరేగింపు ఫొటో వేశారు, ముసాయిదా గొడవ వేయలేదు. హైదరాబాద్ డెస్క్ ఇన్‌చార్జి గారి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఏం బాబూ, ఇందులో మనకేముంది?”

30వ తేదీన ప్రధాని వాజ్‌పేయి వచ్చి మాట్లాడారు. మా తలసరి పొగ ప్రపంచ సగటులో కొద్ది భాగమే, మా ప్రజల ఆదాయం పెరగాల్సి ఉంది, కొత్త కట్టుబాట్లు మా మీద పెట్టకండని నెమ్మదిగా, మాటకు మాటకు మధ్య ఆగుతూ చెప్పారు. హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది నోట్సు రాసుకున్నారు.

ఢిల్లీ ప్రభుత్వ వర్గాల్లో ఇంధన వ్యవహారాలు చూసే తెలుగు అధికారి ఒకాయన ఉండేవారు. పేరు రాయనని అప్పుడు మాటిచ్చాను కాబట్టి ఇప్పుడూ రాయను. ఆంధ్రా భవన్ క్యాంటీన్లో ఆయన ఎదురుగా కూర్చుని, తునక కూడా ఒప్పుకోకపోతే ఎలా సార్ అని అడిగాను. ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, “చూడవయ్యా, అంకె రాసి సంతకం పెట్టామంటే ప్రోనోటు రాసిచ్చినట్టే. అప్పు వాడుకున్నది వాళ్ళు, నోటు మనం రాయాలా? మన దేశంలో ఎన్ని ఇళ్ళకు కరెంటు లేదో తెలుసా నీకు? ముందు వాటికి వైరు లాగనీ” అన్నారు. తర్వాత చూసుకున్నాను. 2001 జనగణనలో నూటికి 44 ఇళ్ళలో కరెంటు దీపం లేదు. ఆయన వాదన నాకు అప్పుడు సబబుగానే తోచింది, ఇప్పుడూ తోస్తుంది. కానీ సభ ముగింపులో వచ్చిన ఢిల్లీ ప్రకటనలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ప్రపంచ ఇంధనంలో సౌర, పవన శక్తి లాంటి పునరుత్పాదక వనరుల వాటాను అత్యవసరంగా, గణనీయంగా పెంచాలని ఉంది. ఎంత? ఎప్పటికి? రెండూ లేవు. అంతకు రెండు నెలల ముందు జొహన్నెస్‌బర్గ్ సభలో అంకె పెడదామని కొందరు పట్టుబట్టి ఓడిపోయారు. ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ ఢిల్లీకి వచ్చి ఆ వాక్యాన్ని హాయిగా ఆమోదించారు.

ఆ రాత్రుళ్ళలో ఒకసారి ఐటీఓ నుంచి ఇంటికి ఆటో కోసం చూస్తే దొరకలేదు. ఆటోలన్నీ గ్యాస్ బంకు ముందు వరుసలో ఉన్నాయి. ఆ వరుస మలుపు తిరిగి కనుచూపు మేర పోయింది. ఒక డ్రైవరు సీటులోనే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. బీహార్ మనిషి. సాయంత్రం ఏడింటి నుంచీ ఉన్నానని, తెల్లారేలోపు గ్యాస్ దొరికితే అదృష్టమని, బండి అద్దె మాత్రం యజమాని ఏ రోజుకారోజు లెక్కగట్టి తీసుకుంటాడని చెప్పాడు. “కోర్టు వాళ్ళు గాలి బాగుచేస్తున్నారు సాబ్, మంచిదే. మా పూట కూడా లెక్కేసుకుంటే బాగుండేది.”

ఆ కేసు 1985లో ఎం.సి. మెహతా వేసిన పిటిషను. బస్సులన్నీ 2001 మార్చి 31కల్లా సీఎన్జీకి మారాలని 1998 జూలైలోనే కోర్టు చెప్పింది. ప్రభుత్వం గడువు కోరింది, బస్సుల వాళ్ళు కోరారు, గ్యాస్ చాలదన్నారు, బంకులు లేవన్నారు. గడువు జరిగింది కానీ చెల్లిపోలేదు. 2002 ఏప్రిల్‌లో రోజుకు ఐదొందల లెక్క వచ్చేసరికి వాదనలు తగ్గాయి. ఆ డిసెంబరు మొదటికి సిటీ సర్వీసుల్లో డీజిల్ బస్సు కనిపించలేదు. ఒకే ఊళ్ళో, ఒకే ఋతువులో చూసిన ఆ రెండు వ్యవహారాలు నాకు రెండు సంగతులు నేర్పాయి. ఆ రోజుకు జవాబు చెప్పవలసిన మనిషి ఉంటేనే గడువు పనిచేస్తుంది. పనిచేసినప్పుడు దాని ఖర్చు వరుసలో అందరికంటే వెనక ఉన్నవాడి మీద పడుతుంది. ఆ రెంటినీ తూచకుండా లక్ష్యం గురించి రాయకూడదనుకున్నాను.

ఏడేళ్ళు గడిచాయి. 2009 డిసెంబరు 3న లోక్‌సభ ప్రెస్ గ్యాలరీలో ఉన్నాను. పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ లేచారు. అప్పుడాయన ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యుడు కూడా కాబట్టి డెస్క్ ఈసారి ప్రశ్న వేయలేదు. 2005తో పోల్చి 2020కల్లా ఉద్గారాల తీవ్రతను 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని ప్రకటించారు. చట్టబద్ధమైన కోతలు మాత్రం ఒప్పుకోం, పొగ ఏ ఏడాది గరిష్ఠానికి చేరాలో ఇంకెవరో చెబితే ఒప్పుకోం అని గీత గీశారు. తీవ్రత అంటే దేశం సంపాదించే ప్రతి రూపాయికి ఎంత పొగ వదులుతున్నామన్నది. సంపద రెట్టింపై పొగ ఒకటిన్నర రెట్లయితే తీవ్రత తగ్గినట్టే, పొగ పెరిగినట్టే. గ్యాలరీలో నా పక్కన కూర్చున్న హిందీ పత్రిక మిత్రుడు “భారత్ పొగ 25 శాతం తగ్గిస్తుంది” అని శీర్షిక రాసుకుంటున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. లక్ష్యాన్ని చదివేటప్పుడు శాతం కంటే ముందు దేన్ని లెక్కిస్తున్నారో చూడాలన్నది ఆ రోజు నుంచి నాకు బండగుర్తు.

2010 జనవరి 11న మన్మోహన్ సింగ్ జాతీయ సౌర మిషన్ ప్రారంభించారు. 2022కల్లా 20 గిగావాట్లు. అప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం సౌర విద్యుత్తుకు కట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల పైమాటే. ఆ ధరకు ఎవరు కొంటారని శ్రమశక్తి భవన్ మెట్ల మీద అధికారులే జోకులేసుకునేవారు. 2015లో కొత్త ప్రభుత్వం ఆ 20ని వంద చేసింది. గాలి, జీవద్రవ్యం, చిన్న జలవిద్యుత్తు కలిపి 2022కల్లా 175 గిగావాట్లు అంది. ఆ ఫిబ్రవరిలో జరిగిన పెట్టుబడుల సభలో కంపెనీలు వేదికెక్కి హామీ పత్రాలిచ్చాయి. అవన్నీ కూడితే 266 గిగావాట్లయ్యాయి. లక్ష్యం కంటే హామీలే ఎక్కువ! పత్రం ఇచ్చి ఫొటో దిగినవాళ్ళను తర్వాత ఎవరూ పిలిచి అడగలేదు.

జోకులు మాన్పించింది మాత్రం కర్నూలు. 2015 నవంబరులో ఎన్టీపీసీ వేలంలో మా జిల్లా సౌర పార్కుకు 4 రూపాయల 63 పైసలు పలికింది. దేశంలో అప్పటికి అదే తక్కువ. మర్నాడు పొద్దున్నే డెస్క్ నుంచి ఫోను. “అన్నా, మొదటి పేజీకి తీసుకుంటున్నాం, ఇంకో పది లైన్లు కావాలి.” 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఆ ఏడు వేసవిలో ఇంటికి వెళ్ళినప్పుడు గని, శకునాల వైపు పోయి చూశాను. చిన్నప్పుడు రాళ్ళూ రేగుకంపలూ తప్ప ఏమీ ఉండని నేల. వెయ్యి మెగావాట్ల ప్యానెళ్ళు వరుసలుగా పోతున్నాయి. ట్రాక్టరు ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి ఇద్దరు ఆడవాళ్ళు పొడుగు కర్రకు కట్టిన తుడుపుతో దుమ్ము కడుగుతున్నారు. కూలి ఎంతని అడిగాను. ఒకామె చెప్పి, “నీళ్ళు మాత్రం మా ఊరికి రోజు విడిచి రోజు వస్తాయన్నా” అంది.

రెండేళ్ళకే ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారి, పాత సౌర, పవన ఒప్పందాల ధరలు ఎక్కువంటూ తిరగదోడతామంది. ఢిల్లీలో విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. ధరల సమీక్షకు వేసిన ఉత్తర్వు కొట్టేసినా, మధ్యంతరంగా తక్కువ ధరే చెల్లించమన్నారు. 2022 మార్చిలో తుది తీర్పు ఉత్పత్తిదారుల వైపు వచ్చేదాకా కంపెనీలకు బకాయిలు పేరుకుపోయాయి. శాస్త్రి భవన్ బ్రీఫింగుల్లో 175 అని రోజూ వినేవాణ్ణి. ఆ 175లో ప్రతి యూనిట్‌కూ డబ్బు కట్టవలసింది రాష్ట్రాల పంపిణీ సంస్థలు. వాటి బల్ల దగ్గర 2022 అనే గడువు లేదు, వచ్చే నెల జీతాల గడువు ఉంది. ఢిల్లీలో లక్ష్యం రాసినప్పుడు ఆ బల్ల కూడా సభలో ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఇక అంతర్జాతీయ సౌర కూటమి. 2016 జనవరి 25న, గణతంత్ర దినోత్సవానికి ముందురోజు, మోదీ, ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒలాంద్ మెట్రో రైలెక్కి గుర్‌గావ్ వచ్చారు. ఫరీదాబాద్ రోడ్డు మీద గ్వాల్ పహాడీలో కూటమి కార్యాలయానికి శంకుస్థాపన. ఆరావళి కొండల అంచున, చుట్టూ సర్కారు తుమ్మలు, ఎర్రమట్టి. ఎండాకాలమైతే మా సీమ అనుకునేవాణ్ణి, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే ఆ ఊహ నిలవలేదు. 1982 నుంచి అక్కడ సౌరశక్తి పరిశోధన కేంద్రం ఉంది. ఇండియాలో ప్రధాన కార్యాలయం ఉన్న మొదటి ఒప్పంద ఆధారిత అంతర్జాతీయ సంస్థ అది అవుతుందని చెప్పారు. అయింది కూడా. 15 దేశాలు ఆమోదించాక 2017 డిసెంబరు 6న ఒప్పందం అమల్లోకి వచ్చింది. లక్ష్యం 2030కల్లా లక్ష కోట్ల డాలర్ల పెట్టుబడి సమీకరణ.

2018 మార్చిలో వ్యవస్థాపక సభకు ఫ్రాన్స్ కొత్త అధ్యక్షుడు మాక్రాన్ వచ్చారు. సభ అయ్యాక ఒక హోటల్ లాబీలో ఆఫ్రికా దేశపు ప్రతినిధి ఒకాయనతో మాట్లాడాను. ఆయన ఫ్రెంచి, నాది తెలుగింగ్లీషు, మధ్యలో ఒక దుబాసీ అమ్మాయి. లక్ష కోట్ల గురించి అడిగితే నవ్వి, “సూర్యుడు మా దగ్గర మీకంటే ఎక్కువే ఉన్నాడు. ప్యానెల్ ధర అందరికీ ఒకటే. వడ్డీ అలా కాదు. మీకు తొమ్మిది శాతానికి అప్పిచ్చే బ్యాంకు మాకు పదిహేనుకు కూడా ఇవ్వదు. ఎండ సంగతి మాకు చెప్పకండి, వడ్డీ సంగతి చెప్పండి” అన్నాడు. లక్ష కోట్లు ఎవరు పెట్టాలన్నది ఒప్పందంలో ఏ ఒక్క దేశం పేరు మీదా లేదు. ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో ఒప్పుకున్న ఏడాదికి పదివేల కోట్ల డాలర్ల సాయం 2020కి అందాలి. ధనిక దేశాలుగా కలిసి ఒప్పుకున్న ఆ మాటే రెండేళ్ళు ఆలస్యంగా 2022లో తీరిందని ఆ దేశాల కూటమి ఓఈసీడీ లెక్క చెప్పింది. అలాంటప్పుడు పేర్లు లేని లక్ష కోట్ల సంగతి ఆ ప్రతినిధికి ముందే తెలుసు.

2021 శరదృతువు ఎన్‌సీఆర్‌లో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోరు. అక్టోబరులో బొగ్గు కరువు. నగరానికి కరెంటిచ్చే కేంద్రాల్లో నిల్వలు ఒక్కరోజుకు దిగాయని ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ రాశారు. నవంబరు 1 రాత్రి గ్లాస్గో వాతావరణ సభలో మోదీ ఐదు లక్ష్యాలు చెప్పారు. 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం, ఇంధన అవసరాల్లో సగం పునరుత్పాదకం, వంద కోట్ల టన్నుల పొగ తగ్గింపు, తీవ్రత 45 శాతం కోత, 2070కి నికర సున్నా. నైట్ డ్యూటీలో నేనే ఆ వార్త రాశాను. 2070 మీద గుప్పున చర్చలు మొదలయ్యాయి. ఏ టీవీలోనూ ఎవరూ దాన్ని గట్టిగా కాదనలేదు. ఆ ఏడాదికి జవాబు చెప్పేవాళ్ళెవరూ ఇప్పుడు కుర్చీల్లో లేరు కదా!

మూడు రోజులకు దీపావళి. తర్వాత ఊపిరాడలేదు. నవంబరు 13, శనివారం. గ్లాస్గోలో బొగ్గును “ఎత్తివేయడం” అన్నచోట “తగ్గించుకుంటూ పోవడం” అని మార్పించి పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ చదివిన రోజు. అదే రోజు ఢిల్లీలో సుప్రీంకోర్టు రెండు రోజుల లాక్‌డౌన్ పెట్టలేరా అని అడిగింది, సోమవారం నుంచి బళ్ళు మూసేస్తున్నట్టు ప్రభుత్వం చెప్పింది. మా అబ్బాయి టీవీ ముందు గంతులేశాడు. 16న గాలి నాణ్యత కమిషన్ ఉత్తర్వు వచ్చింది. ఢిల్లీ హద్దుల్లో మిగిలిన బొగ్గు కేంద్రం బదర్‌పూర్ 2018లోనే మూతపడింది కాబట్టి, చుట్టూ 300 కిలోమీటర్లలో ఉన్న 11 కేంద్రాల్లో ఐదు మాత్రమే నవంబరు 30 దాకా నడవాలని అందులో ఉంది. ఏవి నడవాలో పేర్లు రాశారు. మర్నాటి నుంచే హర్యానా, పంజాబ్, యూపీ అధికారుల ఫోన్లు మోగాయి. రెండు వారాల గడువు అంతమందిని పరిగెత్తించింది. నలభై తొమ్మిదేళ్ళ గడువు ఒక్కరి నిద్ర కూడా చెరపలేదు.

తొమ్మిది నెలల తర్వాత, 2022 ఆగస్టులో, కేబినెట్ ఆమోదించి ఐక్యరాజ్యసమితికి పంపిన కాగితం తెప్పించుకున్నాను. తీవ్రత 45 శాతం కోత ఉంది. సామర్థ్యంలో సగం శిలాజేతరం ఉంది. 500 గిగావాట్లు లేదు, వంద కోట్ల టన్నులు లేదు. ప్రసంగంలో “ఇంధన అవసరాల్లో సగం” అన్నది కాగితంలో “స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం” అయింది. ఈ మార్పు చిన్నది కాదు. ఇంధనమంటే పెట్రోలు, వంటగ్యాసు, ఫ్యాక్టరీల బొగ్గు అన్నీ వస్తాయి. సామర్థ్యమంటే కరెంటు యంత్రాల పరిమాణం మాత్రమే. సభలో విన్నదాన్ని కాగితంతో సరిచూసే ఓపిక రిపోర్టర్లకు తక్కువ, ఆ సంగతి సభలు పెట్టేవాళ్ళకు తెలుసు.

అదే ఏడాది చివరికి 175 గడువు ముగిసింది. అయింది 120 దగ్గర. పెద్ద పార్కులు చాలావరకు వచ్చాయి. ఇళ్ళ కప్పుల మీద రావలసిన 40లో పది కూడా రాలేదు. ఎందుకు రాలేదో నాకు మంత్రిత్వశాఖ చెప్పనక్కర్లేదు. తూర్పు ఢిల్లీలో మేముండే హౌసింగ్ సొసైటీ సర్వసభ్య సమావేశంలో డాబా మీద ప్యానెళ్ళు పెడదామని ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు లెక్కలతో సహా చెప్పారు. పై అంతస్తు వాళ్ళు కప్పు కారుతుందన్నారు. కింది అంతస్తు వాళ్ళు డాబాలో మా వాటా ఎంతో ముందు తేల్చమన్నారు. నీళ్ళ ట్యాంకుల నీడ సంగతేమిటని ఒకరు, వడియాలు ఎక్కడ పెట్టుకోవాలని మా ఆవిడ. చివరికి కమిటీ వేశారు. లక్షల డాబాల మీద ఇదే కమిటీ కూర్చుని ఉంటుంది. పార్కుకైతే ఒక టెండరు, ఒక కంపెనీ, ఒక సంతకం చాలు.

2023 సెప్టెంబరు 8 నుంచి మూడు రోజులు ఢిల్లీని మూసేశారు. ప్రగతి మైదాన్‌లో భారత్ మండపం, జీ-20. దారిపొడవునా గుడిసెలకు ఆకుపచ్చ వలలు కట్టారు, కోతులను బెదిరించడానికి కొండముచ్చుల కటౌట్లు పెట్టారు. మీడియా సెంటర్లో మాకు మిల్లెట్ లడ్డూలు. ఉక్రెయిన్ మీద ఏకాభిప్రాయం రాదనే అందరం కథలు సిద్ధం చేసుకుని కూర్చున్నాం. 9 మధ్యాహ్నం ప్రకటన ఖాయమైందని మోదీ చెప్పగానే హాలంతా ఒక్కసారి కుర్చీల చప్పుడు. కాగితం ఫోన్లలోకి వచ్చింది, 83 పేరాలు. అందరూ యుద్ధం పేరాల కోసం వెతుకుతున్నారు. నేను ఇంధనం పేరా దగ్గరికి వెళ్ళాను.

2030కల్లా ప్రపంచ పునరుత్పాదక సామర్థ్యాన్ని మూడింతలు చేసే ప్రయత్నాలను ప్రోత్సహిస్తామని ఉంది. జూలైలో గోవాలో ఇంధన మంత్రులు ఇదే విషయం మీద పొసగక లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు కుదిరింది. ఇరవై ఒక్కేళ్ళ కింద ఇదే ఊళ్ళో ఎంత, ఎప్పటికి అని వెతికినవాడికి రెండు జవాబులూ దొరికాయి. సంతోషించాను. తర్వాత మళ్ళీ చదివాను. “ప్రస్తుత లక్ష్యాలు, విధానాల ద్వారా”, “జాతీయ పరిస్థితులకు అనుగుణంగా” అన్న కుచ్చిళ్ళు ఉన్నాయి. ఏ దేశం ఎంత అన్నది లేదు. కింద, అసమర్థ శిలాజ ఇంధన సబ్సిడీలను “మధ్యకాలంలో” ఎత్తివేస్తామన్న మాట. 2009లో పిట్స్‌బర్గ్‌లోనూ అదే అన్నారు, పద్నాలుగేళ్ళైనా ఆ మధ్యకాలం ఇంకా రాలేదు. వర్ధమాన దేశాలకు 2030 లోపు 5.8 నుంచి 5.9 లక్షల కోట్ల డాలర్లు కావాలని మాత్రం దశాంశాలతో సహా రాశారు. కావలసినదానికి కొత్త అంకె ఉంది, ఇచ్చేదానికి ఆ పాత పదివేల కోట్ల మాటే ఉంది.

మూడు నెలలకు దుబాయి వాతావరణ సభ ఆ మూడింతల మాటను దాదాపు రెండొందల దేశాల తీర్మానంలోకి ఎక్కించింది. అక్కడే, 2030కి 11,000 గిగావాట్లు అని అంకె వేసి వందకు పైగా దేశాలు విడిగా ఒక ప్రతిజ్ఞ చేశాయి. భారత్ అందులో చేరలేదు. కొత్త బొగ్గు కేంద్రాలకు పెట్టుబడి ఆపాలన్న షరతు అందులో ఉంది. మూడింతలను ఢిల్లీలో కుదిర్చిన దేశం దుబాయిలో ఎందుకు దూరంగా ఉందని డెస్క్ నన్ను అడిగింది. కారణం మరుసటి వేసవిలో మా ఇంట్లోనే దొరికింది.

2024 జూన్ 19 తెల్లవారుజామున సఫ్దర్‌జంగ్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రత 35.2 డిగ్రీలు. గరిష్ఠం కాదు, కనిష్ఠం! రాత్రంతా ఏసీలు ఆపలేదు. ఆ మధ్యాహ్నం ఢిల్లీ విద్యుత్ డిమాండ్ 8,656 మెగావాట్లకు చేరి రికార్డయింది. మధ్యాహ్నపు లోడుకు రాజస్థాన్ ఎండ అక్కరకొస్తుంది. అర్ధరాత్రి రెండింటికి చల్లబడని గోడల మధ్య తిరిగే ఏసీకి బొగ్గే దిక్కు, లేదంటే నీరో బ్యాటరీయో. మా పాత కర్నూలు జిల్లా పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్ళు పైకి తోడి రాత్రికి కిందికి వదిలే ప్రాజెక్టు తలపెట్టింది అందుకే. “ఇందులో మనకేముంది” అన్న ప్రశ్నకు అది చాలా మంచి జవాబు. కానీ సామర్థ్యం లెక్కలో సోలార్ మెగావాటూ బొగ్గు మెగావాటూ సమానమే. రాత్రి అన్న కాలమ్ అందులో లేదు.

అందుకే 2025 జూలైలో, స్థాపిత సామర్థ్యంలో సగం లక్ష్యాన్ని ఐదేళ్ళ ముందే చేరామని ప్రకటన వచ్చినప్పుడు, బ్యూరోలో కొత్తగా చేరిన అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మొత్తం 484.8 గిగావాట్లు, శిలాజేతరం 242.8. ఇది నిజమైన విజయం, తక్కువ చేయొద్దన్నాను. యూనిట్‌కు 17 రూపాయలప్పుడు నవ్వినవాళ్ళను నేను చూశాను. తర్వాత, తయారైన కరెంటులో బొగ్గు వాటా ఎంతో చూడమన్నాను. డెబ్బై శాతానికి పైనే ఉంది. “అంటే సార్, సగం అయినట్టా, కానట్టా?” అంది. యంత్రాల్లో సగం అయింది, యూనిట్లలో కాలేదు, రెండూ ఒకే వార్తలో రాయమన్నాను. రాసింది. డెస్క్ రెండో పేరాను కత్తిరించబోతే ఫోన్ చేసి పోట్లాడింది, నిలబెట్టుకుంది.

500 గిగావాట్ల మాట ఐక్యరాజ్యసమితి కాగితంలో లేకపోయినా, దాని మీద నాకు కొంత నమ్మకముంది. ఏటా 50 గిగావాట్లకు టెండర్లు పిలవాలని 2023లో కేంద్రం సెకీ, ఎన్టీపీసీ, ఎన్‌హెచ్‌పీసీ, ఎస్‌జేవీఎన్‌ల పేరుపేరునా బాధ్యత పెట్టింది. ఏ సంస్థ ఎంత పిలిచింది, అందులో ఎంతకు రాష్ట్రాలు కొనుగోలు ఒప్పందం రాశాయి, ఎంతకు రాయక పడి ఉంది, రాత్రి కోసం నిల్వ ఎంత కట్టారు, ఆ భారం ఇంటి బిల్లులో ఎంత చేరింది, ఇవన్నీ అడిగితే దొరికే లెక్కలు. ఆ అమ్మాయి ఇప్పుడు ఈ ఐదు కాలమ్‌లతో ఒక పట్టిక నడుపుతోంది. మొన్న వచ్చి, “సార్, 2070కి కూడా ఒక కాలమ్ పెట్టనా?” అని అడిగింది. వద్దన్నాను. ఒప్పందం రాయక పడి ఉన్న కాలమ్ ముందు నింపు, అందులో మన రెండు రాష్ట్రాల పంపిణీ సంస్థలకు ఈ వారమే ఫోన్ చెయ్యి, అన్నాను.